ఒక ఎల్‌పార్ నిండిపోతోంది, పక్కది ఖాళీగా ఉంది: ఇంకో రెండు ఏఓఆర్‌లు వేస్తే సరిపోతుందా?

మీ ప్రశ్న నాకు అర్థమైనట్టు ఒకసారి చెబుతాను, తేడా ఉంటే సరిదిద్దండి. మీ క్లయింట్ బ్యాంకులో ట్రాన్సాక్షన్లు నడిపేది ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్ సాఫ్ట్‌వేర్ సీఐసీఎస్. ఒకే సిస్‌ప్లెక్స్ (కలిసి పనిచేసే మెయిన్‌ఫ్రేమ్ సిస్టమ్‌ల గుంపు) కింద రెండు ఎల్‌పార్‌లు (మెయిన్‌ఫ్రేమ్‌ని విడగొట్టి చేసిన భాగాలు). ఒక్కోదాంట్లో ఒక టీఓఆర్ (బయటి నుంచి వచ్చేవాళ్లు తగులుకునే సీఐసీఎస్ రీజియన్), మూడేసి ఏఓఆర్‌లు (అసలు ప్రోగ్రాంలు నడిచే రీజియన్లు). ఏ పని ఏ ఏఓఆర్‌కి వెళ్లాలనే రూటింగ్‌ని సీపీఎస్ఎం (సీఐసీఎస్‌ప్లెక్స్ సిస్టమ్ మేనేజర్) చూసుకుంటోంది. సోమవారం పొద్దున 10 దాటేసరికి రెండో ఎల్‌పార్‌లోని ఏఓఆర్‌లు ఎంఎక్స్‌టీ (రీజియన్‌లో ఒకేసారి ఉండగల టాస్కుల పరిమితి) తగిలి ఆగిపోతున్నాయి, మొదటి ఎల్‌పార్‌లోవి ఊరికే కూర్చుంటున్నాయి. ఇంకో రెండు ఏఓఆర్‌లు వేసేయమని మీ మేనేజర్ అంటున్నారు. అది సరైనదేనా, లేక రౌండ్ రాబిన్ లాగా అందరికీ సమానంగా పంచే పద్ధతి ఏదైనా పెట్టుకోవాలా అన్నది మీ సందేహం.

సూటిగా చెప్పాలంటే, ఇప్పుడైతే ఏఓఆర్‌లు పెంచకండి. రౌండ్ రాబిన్ జోలికి అసలు వెళ్లకండి. పక్కనే మూడు రీజియన్లు ఖాళీగా ఉన్నాయంటే మీకు తక్కువైంది రీజియన్లు కాదు. ట్రాన్సాక్షన్‌ను ఎక్కడికి పంపాలో ఎంచుకునే వీలు రూటర్‌కి లేకుండా ఏదో దాని చేతులు కట్టేసింది. మీరు చెప్పిన లక్షణాలు చూస్తే నా అనుమానం ముందు అఫినిటీ (ఫలానా పని ఫలానా రీజియన్‌లోనే నడవాలన్న ముడి) మీదకే పోతోంది. ఎందుకో కొంచెం వివరంగా చెబుతాను.

సిస్‌ప్లెక్స్‌లో పంపకం రెండు మెట్ల మీద జరుగుతుంది, చాలామంది రెండింటినీ కలిపేసి మాట్లాడతారు. మనిషైనా మిడిల్‌వేరైనా లోపలికి వచ్చేటప్పుడు ఏ టీఓఆర్‌కి తగులుకోవాలన్నది మొదటి మెట్టు. 3270 టెర్మినళ్లకైతే (మెయిన్‌ఫ్రేమ్ గ్రీన్ స్క్రీన్లు) అది వీటామ్ అనే నెట్‌వర్క్ సాఫ్ట్‌వేర్‌లోని జెనరిక్ రిసోర్స్ పని. రెండు టీఓఆర్‌లకూ సిట్‌లో (రీజియన్ మొదలయ్యేటప్పుడు చదివే సెట్టింగుల పట్టిక) ఒకే జీఆర్‌నేమ్ ఇస్తాం, యూజర్ ఆ ఒక్క పేరుతో లాగాన్ అవుతాడు, ఎటు పంపాలో వీటామ్ చూసుకుంటుంది. టీసీపీ/ఐపీ మీద వచ్చేవాటికి సిస్‌ప్లెక్స్ డిస్ట్రిబ్యూటర్ ఉంది. బయటికి కనిపించేది ఒకే ఐపీ చిరునామా, దాని వెనకాల టీఓఆర్‌లు ఎన్నైనా ఉండొచ్చు. ఇక లోపలికి వచ్చాక ఒక్కో ట్రాన్సాక్షన్‌నీ ఏ ఏఓఆర్‌కి పంపాలన్నది రెండో మెట్టు. ఆ పని టీఓఆర్ సిట్‌లో డీటీఆర్‌పీజీఎం దగ్గర పేరు రాసిన ప్రోగ్రాం చేస్తుంది. సీపీఎస్ఎం వాడేచోట అక్కడ ఈవైయూ9ఎక్స్ఎల్ఓపీ ఉండాలి. డీఫాల్ట్‌గా వచ్చే డీఎఫ్‌హెచ్‌డీవైపీనే ఇంకా ఉంటే ఇంత చర్చ అక్కర్లేదు, దానికి బ్యాలెన్సింగ్ తెలివి లేదు. నవ్వకండి, కొత్తగా క్లోన్ చేసిన టీఓఆర్‌లో నేనీ తప్పు చూశాను.

మొదటి మెట్టు లాగాన్ అప్పుడు ఒక్కసారే పనిచేస్తుంది. సెషన్ కుదిరిపోయాక వీటామ్ మళ్లీ జోక్యం చేసుకోదు. డిస్ట్రిబ్యూటర్ కూడా కనెక్షన్ తెరుచుకునేటప్పుడే చూస్తుంది, ఆ తర్వాత ఆ కనెక్షన్ మీద లక్ష రిక్వెస్టులు వచ్చినా అన్నీ అదే టీఓఆర్‌కి పోతాయి. మీ సమస్య సోమవారమే ఎందుకు వస్తోందో ఆలోచించండి. ఆదివారం రాత్రి మొదటి ఎల్‌పార్‌కి ఐపీఎల్ (రీస్టార్ట్) ఏమైనా జరుగుతోందా? జరిగితే మిడిల్‌వేర్ కనెక్షన్ పూల్ మొత్తం రెండో ఎల్‌పార్ టీఓఆర్‌కి వలసపోతుంది. మొదటిది తిరిగి లేచినా ఎవరూ వెనక్కి రారు, రావలసిన అవసరం వాళ్లకి లేదు. మిడిల్‌వేర్ వాళ్లతో మాట్లాడి, కనెక్షన్లను కొంత సేపటికోసారి మూసి కొత్తగా తెరిచేలా పెట్టించుకుంటే ఈ వంకర దానంతటదే సర్దుకుంటుంది.

అయితే మీ బాధ మొత్తానికి ఇదొక్కటే కారణం కాదు. టీఓఆర్ ఒకవైపే నిండినా, అక్కణ్ణుంచి ఆరు ఏఓఆర్‌లలో దేనికైనా పంపే వీలు సీపీఎస్ఎంకి ఉంది. క్యూ అల్గారిథం (ఏఓఆర్‌ని ఎంచుకోవడానికి సీపీఎస్ఎం వేసే లెక్క) వాడుతుంటే అదే ఎల్‌పార్‌లోని ఏఓఆర్‌ల వైపు కొంచెం మొగ్గు చూపుతుంది, నిజమే. ఎల్‌పార్ లోపల ఎంఆర్ఓ లింకు (రీజియన్‌కీ రీజియన్‌కీ మధ్య లింకు) చవక, ఎక్స్‌సీఎఫ్ (ఎల్‌పార్‌ల మధ్య సందేశాలు మోసేది) మీదుగా పక్క ఎల్‌పార్‌కి వెళ్లడం ఖరీదు, అల్గారిథం ఈ తేడాను లెక్కలోకి తీసుకుంటుంది. ఎల్ఎన్ క్యూ పెడితే ఆ తేడాను పట్టించుకోదు. కానీ ఎంఎక్స్‌టీ తగిలిన రీజియన్‌ని సీపీఎస్ఎం ఆరోగ్యం చెడిన దానిగా చూసి పక్కన పెడుతుంది. వేరే దారి ఉన్నప్పుడు లింకు చవకని చెప్పి అందులోకే కుక్కదు. మీ దగ్గర కుక్కుతోందంటే వేరే దారి లేదన్నమాట. సాధారణంగా దారి మూసేవి రెండు: ఒకటి స్టాటిక్ డెఫినిషన్, రెండోది అఫినిటీ.

స్టాటిక్ సంగతి ఐదు నిమిషాల్లో తేలిపోతుంది. టీఓఆర్‌లో ఆ ట్రాన్సాక్షన్ డెఫినిషన్ తెరిచి డైనమిక్ ఎస్ (YES) అని ఉందో లేదో చూడండి. నో అని ఉండి రిమోట్ సిస్టమ్ దగ్గర ఫలానా ఏఓఆర్ పేరుంటే అది ఎప్పుడో ఎవరో మేకు కొట్టి వెళ్లిన ట్రాన్సాక్షన్. గేట్‌వే (బయటి అప్లికేషన్ల రిక్వెస్టులు సీఐసీఎస్‌కి తెచ్చేది) నుంచి ప్రోగ్రాం లింక్ రూపంలో వచ్చేవాటికి చూడాల్సింది ట్రాన్సాక్షన్‌ని కాదు, ప్రోగ్రాం డెఫినిషన్‌ని. అక్కడా డైనమిక్ ఎస్ ఉండాలి.

ఇక అఫినిటీ. అమీర్‌పేటలో నేను కోబాల్, సీఐసీఎస్ నేర్చుకున్న రోజుల్లో మాకు తెలిసిన రీజియన్ ఒక్కటే. టీఓఆర్, ఏఓఆర్ అనే మాటలు క్లాసులో వినలేదు. టీఎస్ క్యూలో (సమాచారం తాత్కాలికంగా దాచుకునే చోటు) రాస్తే తర్వాతి స్క్రీన్‌లో చదువుకోవచ్చని చెప్పారు, మేమూ రాసేశాం. మీరు నడుపుతున్న ప్రోగ్రాముల్లో చాలావాటిని మాలాంటి వాళ్లే రాసి ఉంటారు. ఆ ఊహ ఒక్క రీజియన్ ఉన్నంతకాలం నిజం. ఆరుగా విడగొట్టగానే అబద్ధమైపోతుంది.

ఉదాహరణకి ఖాతా వివరాల స్క్రీన్ తీసుకోండి. మొదటి ట్రాన్సాక్షన్ మూడో ఏఓఆర్‌లో నడిచి, టెర్మినల్ ఐడీ పేరుతో ఒక టీఎస్ క్యూ రాసి, స్క్రీన్ పంపించి ముగిసిపోయింది. యూజర్ తర్వాతి పేజీ కోసం పీఎఫ్8 కొట్టాడు. రెండో ట్రాన్సాక్షన్‌ని రూటర్ ఐదో ఏఓఆర్‌కి పంపింది. అక్కడ ఆ క్యూ లేదు, ప్రోగ్రాంకి రెస్ప్‌లో (కమాండ్ ఫలితం చెప్పే కోడ్) 44 వచ్చింది, అంటే క్యూఐడీఎర్ర్, ఆ పేరుతో క్యూ లేదని. అదే సమాచారం కామ్‌ఏరియాలో (ఒక ట్రాన్సాక్షన్ తర్వాతి దానికి అందించే డేటా) పెట్టి ఉంటే ఈ గొడవ ఉండేది కాదు. కామ్‌ఏరియా టెర్మినల్‌తో పాటు టీఓఆర్‌కి తిరిగొస్తుంది, తర్వాతి ట్రాన్సాక్షన్ ఎటు వెళ్తే అటు వెళ్తుంది.

ఇలాంటి ప్రోగ్రాంల కోసమే సీపీఎస్ఎంలో ట్రాన్‌గ్రూప్ (ట్రాన్సాక్షన్ల గుంపు) కింద అఫినిటీ ప్రకటిస్తాం. ఎవరికి సంబంధించినది (టెర్మినల్‌కా, యూజర్‌ ఐడీకా, మొత్తం అందరికీనా), ఎంతసేపు ఉండాలి (ఆ సంభాషణ ముగిసేదాకానా, లాగాఫ్ అయ్యేదాకానా, రీజియన్ పడిపోయేదాకానా) అని రెండు విషయాలు చెప్పాలి. అసలు ప్రమాదం అఫినిటీ ఉండటం కాదు, అవసరానికి మించి ఎక్కువమందికి ఎక్కువసేపు ఉండటం. పై ఉదాహరణకి టెర్మినల్ పేరు మీద, సూడో కన్వర్సేషన్ (స్క్రీన్ స్క్రీన్‌కీ విడి ట్రాన్సాక్షన్‌తో సాగే ఒక సంభాషణ) ముగిసేదాకా ఉంటే చాలు. ఎందుకైనా మంచిదని ఎవరో లాగాన్ మొత్తానికి పెడతారు. బ్రాంచి టెర్మినల్ పొద్దున లాగాన్ అయితే సాయంత్రం దాకా అదే ఏఓఆర్.

మిడిల్‌వేర్ వచ్చాక ఇది ఇంకా ముదిరింది. ఒకచోట యూజర్ ఐడీ మీద, సైన్ ఆఫ్ అయ్యేదాకా అఫినిటీ పెట్టి ఉంది. గ్రీన్ స్క్రీన్ రోజుల్లో అది పర్లేదు, వేల మంది యూజర్లు, వేల ఐడీలు. తర్వాత మొబైల్ బ్యాంకింగ్ వచ్చింది. గేట్‌వే నుంచి వచ్చే ప్రతి రిక్వెస్టూ ఒకే సర్వీస్ ఐడీతో వస్తోంది. సీపీఎస్ఎం కంటికి అదంతా ఒకే మనిషి! పొద్దున మొదటి రిక్వెస్ట్ ఏ ఏఓఆర్‌లో పడిందో రోజంతా మొబైల్ ట్రాఫిక్ మొత్తం దాంట్లోనే పడేది. ఆ జట్టు అప్పటికే రెండుసార్లు ఏఓఆర్‌లు పెంచి చూసింది.

మీరు చేయాల్సిందేమిటంటే, సోమవారం సమస్య నడుస్తుండగానే సీపీఎస్ఎం వెబ్ యూఐలో గానీ సీఐసీఎస్ ఎక్స్‌ప్లోరర్‌లో గానీ యాక్టివ్ వర్క్‌లోడ్‌లోకి వెళ్లి ట్రాన్సాక్షన్ అఫినిటీల జాబితా తెరవండి. ఏ అఫినిటీ ఏ టార్గెట్ రీజియన్‌కి ముడిపడిందో అందులో కనిపిస్తుంది. రెండో ఎల్‌పార్ రీజియన్ల పేర్లే వరసగా వస్తుంటే కారణం దొరికినట్టే. అఫినిటీని అక్కడే డిస్కార్డ్ చేసే వీలుంది గానీ, ఎందుకు పెట్టారో తెలియకుండా చేస్తే యూజర్ల స్క్రీన్లు మధ్యలో తెగుతాయి.

శాశ్వతంగా వదిలించుకోవడానికి దారులున్నాయి. టీఎస్ క్యూలైతే అన్నిటికన్నా సులువు. టీఎస్ మోడల్‌లో (క్యూ డెఫినిషన్) పూల్ పేరు ఇస్తే క్యూ కప్లింగ్ ఫెసిలిటీలోకి (ఎల్‌పార్‌లన్నీ పంచుకునే మెమరీ) పోతుంది, అన్ని ఏఓఆర్‌లకూ కనిపిస్తుంది, ప్రోగ్రాంలో ఒక్క లైను మార్చనక్కర్లేదు. ఒక్కో ఎల్‌పార్‌లోనూ ఆ పూల్ కోసం ఒక సర్వర్ నడవాలి. ఇలా షేర్ చేసిన క్యూలకి రికవరీ ఉండదు, కాబట్టి రికవరబుల్‌గా వాడుతున్న క్యూని గుడ్డిగా మార్చేయకండి. ఎన్‌క్యూలకి (ఒకదాన్ని ఒకసారి ఒక్కరే వాడేలా వేసే తాళాలు) ఎన్‌క్యూ మోడల్ రాసి సిస్‌ప్లెక్స్ మొత్తానికి వర్తింపజేయొచ్చు, కాకపోతే పేరూ పొడవూ ఇచ్చి చేసిన ఎన్‌క్యూలకే అది పనిచేస్తుంది, అడ్రస్ మీద చేసినవాటికి కాదు. సీడబ్ల్యూఏ (ఒక రీజియన్‌లోని ప్రోగ్రాంలన్నీ పంచుకునే మెమరీ) మాత్రం మొండిఘటం. ఒక సంస్థలో రసీదు నంబరు సీడబ్ల్యూఏలో ఒకటొకటి పెంచుకుంటూ పోయేవారు. రెండో ఏఓఆర్ వేసిన రోజే ఒకే నంబరుతో రెండేసి రసీదులు బయటికొచ్చాయి. నేమ్‌డ్ కౌంటర్ సర్వర్‌కి మార్చాక గానీ సర్దుకోలేదు. ప్రోగ్రాంలు వందల్లో ఉంటే చేత్తో వెతక్కండి, సీఐసీఎస్ ఇంటర్‌డిపెండెన్సీ ఎనలైజర్ ఉన్నది ఇందుకే.

ఇప్పుడు రౌండ్ రాబిన్ ఎందుకు వద్దన్నానో చెబుతాను. వంతులవారీగా పంచడం న్యాయంగా అనిపిస్తుంది. కానీ ఒక ఏఓఆర్ డీబీ2 డేటాబేస్‌లో లాక్ కోసం ఎదురుచూస్తూ ఇరుక్కుపోయి ఉన్నా దాని వంతు దానికి వెళ్తూనే ఉంటుంది. పని ఎక్కడ త్వరగా తెములుతుందో అక్కడికి పోవాలి. క్యూ అల్గారిథం చూసేది అదే: రీజియన్‌లో నడుస్తున్న టాస్కులు దాని ఎంఎక్స్‌టీలో ఎంత శాతం, స్టోరేజ్ కొరత ఉందా, డంప్ తీస్తోందా, ఈ ట్రాన్సాక్షన్ అక్కడ అబెండ్ అయ్యే (అర్ధంతరంగా విఫలమై ఆగే) అవకాశం ఎంత, వగైరా.

శాతం అన్న మాట గమనించారా? ఇబ్బంది పడుతున్న ఏఓఆర్‌కి ఎంఎక్స్‌టీ పెంచితే లోడ్ తగ్గదు, ఇంకా పెరుగుతుంది. 60 టాస్కులున్న రీజియన్ ఎంఎక్స్‌టీ 120 అనుకోండి, అది 50 శాతం నిండినట్టు. పక్కదాంట్లో 100 టాస్కులున్నాయి, ఎవరో దాని ఎంఎక్స్‌టీ 250 చేశారు, అది 40 శాతమే. రూటర్ కొత్త పనిని 100 ఉన్నదానికే పంపుతుంది. మీ వాళ్లు రెండో ఎల్‌పార్‌లో ఇప్పటికే ఎంఎక్స్‌టీ పెంచి ఉంటే చూసుకోండి. ఒకే రకం ఏఓఆర్‌లన్నిటికీ ఒకే ఎంఎక్స్‌టీ ఉండటం నా పద్ధతి.

మేనేజర్‌గారు చెప్పినట్టు ఏఓఆర్‌లు వేస్తే ఏమవుతుందో నా చేత్తో నేనే ఒకసారి చూశాను. నాలుగో ఏఓఆర్ వేశాం, పాత రీజియన్‌కి అచ్చంగా నకలు. మర్నాడు పొద్దున కాల్ సెంటర్‌కి ఫోన్ల మీద ఫోన్లు, "సేవ తాత్కాలికంగా అందుబాటులో లేదు" అని వస్తోందని. డ్యాష్‌బోర్డులో మాత్రం అంతా పచ్చగా ఉంది. అబెండ్‌లు లేవు, సీపీయూ మామూలు, సగటు రెస్పాన్స్ టైమ్ అయితే ముందురోజు కన్నా బాగుంది! గంటసేపు నెట్‌వర్క్ వాళ్ల మీద పడ్డాం. చివరికి ఒక్కో ఏఓఆర్‌లో నిమిషానికి ఎన్ని ట్రాన్సాక్షన్లు నడుస్తున్నాయో విడివిడిగా తీసి చూస్తే, కొత్తది ఒక్కటే మిగతా మూడూ కలిపినంత తినేస్తోంది.

అయిందేమిటంటే, ఒక వీశామ్ ఫైలు (మెయిన్‌ఫ్రేమ్ డేటా ఫైలు) అన్‌ఎనేబుల్డ్‌గా, అంటే మూసి ఉన్న స్థితిలో ఇన్‌స్టాల్ అవుతుంది. బ్యాచ్ అయ్యాక తెల్లవారుజామున ఒక జాబ్ వచ్చి ఒక్కో రీజియన్ పేరు పెట్టి దాన్ని ఓపెన్ చేస్తుంది. ఆ జాబ్‌లో కొత్త రీజియన్ పేరు చేర్చడం మరిచిపోయాం, అంటే నేనే మరిచిపోయాను. ప్రోగ్రాం ఫైలు చదవబోతే రెస్ప్ 19, నాట్ ఓపెన్. రాసినవాడు బుద్ధిమంతుడు, అబెండ్ చేయకుండా మర్యాదగా సందేశం చూపించి రిటర్న్ అయ్యాడు. పని ఏమీ చేయలేదు కాబట్టి క్షణంలో అయిపోయింది. రూటర్ దృష్టిలో ఆ ఏఓఆర్ ఎప్పుడు చూసినా ఖాళీ, అబెండ్‌లు సున్నా. అందరికన్నా చురుకైనది అదేననుకుని ఇంకా ఇంకా పంపింది. వాన నీళ్లన్నీ కాలువ తూములోకి లాగేసినట్టు లాగేస్తుంది కాబట్టి దీన్ని స్టార్మ్ డ్రెయిన్ అంటారు.

అప్పటికప్పుడు చేసింది ఆ టార్గెట్‌ని వర్క్‌లోడ్ నుంచి క్వియెస్ చేయడం, అంటే దానికి కొత్త పని పోకుండా ఆపడం. రెండు నిమిషాల్లో ఫోన్లు ఆగాయి. తర్వాత, ఫైలు లేకపోతే ప్రోగ్రాం కావాలనే అబెండ్ అయ్యేలా మార్చి, ట్రాన్‌గ్రూప్‌లో అబెండ్ పరిమితులు పెట్టాం. అప్పుడు సీపీఎస్ఎంకి ఆ రీజియన్ మీద అనుమానం కలుగుతుంది. సందేశం చూపించి ఊరుకునే ప్రోగ్రాంలు మీ దగ్గరా ఉంటాయి, వెతకండి.

సీఎంఏఎస్‌ల (రీజియన్ల సమాచారం సేకరించే సీపీఎస్ఎం భాగాలు) సంగతి కూడా చూడండి. ఎల్‌పార్‌కి ఒక సీఎంఏఎస్ ఉన్నప్పుడు, తన ఎల్‌పార్‌లోని రీజియన్ల లోడ్ రూటర్‌కి ఎప్పటికప్పుడు తెలుస్తుంది. పక్క ఎల్‌పార్ వాటి సమాచారం 15 సెకన్లకోసారి మాత్రమే వస్తుంది. ఆ 15 సెకన్లూ పాత లెక్క చూసి పక్క ఎల్‌పార్‌లో ఒకే రీజియన్‌కి గుంపుగా పంపేయడం, తర్వాత ఉలిక్కిపడి మానేయడం జరుగుతుంది. గ్రాఫ్‌లో రంపపు పళ్లలా కనిపిస్తుంది. సీఐసీఎస్ టీఎస్ 4.1 నుంచి దీనికి మందు ఉంది. రీజియన్ స్టేటస్ సర్వర్ పెట్టుకుంటే ప్రతి ఏఓఆర్ తన స్థితిని కప్లింగ్ ఫెసిలిటీలో రాస్తుంది, రూటర్లన్నీ అక్కడే చదువుకుంటాయి. మీది ఒకే వైపు వాలి ఉంది కాబట్టి ఇది మీ అసలు జబ్బు కాదు. కానీ అఫినిటీలు తీసేశాక ఇది బయటపడొచ్చు, అందుకే చెబుతున్నా.

ఐబీఎం వాళ్లదే ఇంకో ట్రాన్సాక్షన్ సాఫ్ట్‌వేర్ ఐఎంఎస్, దాని షేర్డ్ క్యూల గురించి కూడా ఒక ముక్క అడిగారు. అక్కడ పద్ధతే వేరు. సీఐసీఎస్‌ది పంక్తి భోజనం, ఎవరి విస్తట్లో ఎంత ఉందో చూసి వడ్డించేవాడు వడ్డిస్తాడు. ఐఎంఎస్‌ది బఫే, మెసేజ్‌లు కప్లింగ్ ఫెసిలిటీలో ఉంటాయి, ఖాళీ అయిన ఐఎంఎస్ వచ్చి తీసుకుంటుంది. రెండో పద్ధతిలో వడ్డించేవాడి అంచనా తప్పే ప్రసక్తి లేదు. అయినా మీకు ఉన్నది సీఐసీఎస్, దాని సంగతే చూడండి.

మరి ఏఓఆర్‌లు ఎప్పుడు పెంచాలి? ఒక్కో సీఐసీఎస్ రీజియన్‌కి క్యూఆర్ టీసీబీ (టాస్కులు వంతులవారీగా నడిచే ప్రధాన థ్రెడ్) ఒక్కటే. థ్రెడ్‌సేఫ్ కాని (ఒకేసారి పలు థ్రెడ్‌ల మీద నడిపితే దెబ్బతినే) కోడ్ అంతా దాని మీదే నడవాలి, అంటే ఎన్ని ప్రాసెసర్లున్నా ఆ కోడ్‌కి ఒక్కటే. క్యూఆర్ నిండిపోయి టాస్కులు డిస్పాచ్ కోసం వేచి ఉంటుంటే కొత్త ఏఓఆర్ నిజంగా పనికొస్తుంది. అలా కాక టాస్కులు డీబీ2 థ్రెడ్ కోసమో లాక్ కోసమో ఆగి ఎంఎక్స్‌టీ నిండుతుంటే, ఏఓఆర్ పెంచడం అంటే అదే లాక్ ముందు క్యూలో ఇంకాస్త మందిని నిలబెట్టడమే. సీఈఎంటీ ఐ టాస్ (టాస్కుల స్థితి చూపే కమాండ్) కొట్టి సస్పెండ్ అయిన టాస్కులు దేని కోసం ఆగాయో హెచ్‌టైప్ (HTYPE) చూడండి, మీ మేనేజర్‌గారికి చూపించడానికి అదొక్క స్క్రీన్‌షాట్ చాలు.

వచ్చే సోమవారం 10కి ముందే అఫినిటీ జాబితా, ఆరు ఏఓఆర్‌ల ఎంఎక్స్‌టీలు, ఒక్కో టీఓఆర్‌లో ఉన్న కనెక్షన్ల సంఖ్య తీసి ఉంచుకోండి. సమస్య మొదలయ్యాక మళ్లీ తీయండి. రెండు జతలూ ఇక్కడ పెడితే (రీజియన్ పేర్లు, ఐడీలు, క్లయింట్ పేరు తీసేసి) చూసి చెబుతాను. యూజర్ ఐడీ మీద అఫినిటీ కనిపిస్తే మాత్రం నా జవాబు కోసం ఆగకుండా గేట్‌వే వాళ్లు ఏ ఐడీతో వస్తున్నారో అడిగేయండి.